ఎల్-1ఏ మీద అమెరికా వెళ్తున్నారా? విమానం ఎక్కేలోపే ఫండ్ల లెక్క తేల్చుకోండి

ప్రశ్న: మా కంపెనీ నన్ను మేనేజర్‌గా డల్లాస్ ఆఫీసుకు ఎల్-1ఏ వీసా మీద పంపుతోంది. ప్రయాణం సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఉంటుంది. ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 60 లక్షలున్నాయి, అందులో 24 లక్షలు లాభం. అన్నీ ఏడాది దాటినవే. మియాపూర్ ఫ్లాటు మీద ఇంకా 28 లక్షల లోను ఉంది. నా భార్య ప్రభుత్వ టీచర్. ఫ్లాటు అమ్మేసి, ఫండ్లు అలాగే ఉంచి, ఆమె ఉద్యోగం మానేసి అందరం వెళ్దామనుకుంటున్నాం. మీరేమంటారు?

జవాబు: మీరు అనుకున్నదానికి సరిగ్గా తలకిందులుగా చేయమంటాను. ఫండ్లు అమ్మండి, ఫ్లాటు ఉంచుకోండి, మీ ఆవిడను రాజీనామా చేయనివ్వకండి.

ఎందుకంటే ఎల్-1ఏ మిమ్మల్ని పంపిన కంపెనీతో ముడిపడిన వీసా. అక్కడ నచ్చకపోతే అదే వీసా మీద వేరే కంపెనీలో చేరలేరు. ఉద్యోగం పోతే అక్కడ ఉండనిచ్చేది మహా అయితే 60 రోజులు. డల్లాస్‌లో ఆఫీసు ఇప్పటికే నడుస్తుంటే మొదట మూడేళ్ల వరకు ఇస్తారు, పొడిగింపులతో కలిపి ఏడేళ్లు దాటదు. అదే కొత్తగా తెరుస్తున్న ఆఫీసైతే మొదట ఇచ్చేది ఒక్క ఏడాదే. ఈ ఒక్క సంగతి హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడగండి. ఏడాది వీసా కోసం టీచర్ ఉద్యోగం వదులుకోవడం నాకు మనసొప్పదు. ముందు సెలవుకు దరఖాస్తు చేయించండి. ఎల్-1 వాళ్ల కుటుంబానికిచ్చే ఎల్-2 వీసా మీద వచ్చే భార్యకు అక్కడ పని చేసుకునే హక్కు ఉంది కాబట్టి, కుదురుకున్నాక అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ఇక ఫండ్లు. అమెరికా పన్ను లెక్కలో మీరు రెసిడెంట్ అయిన రోజు నుంచి మన మ్యూచువల్ ఫండ్లను వాళ్లు పీఫిక్ (ప్రధానంగా పెట్టుబడుల మీదే ఆదాయం వచ్చే విదేశీ సంస్థ) అనే కోవలో వేస్తారు. ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం 8621 నింపాలి. ముందుగా ప్రత్యేక ఎంపిక చేసుకోకపోతే, అమ్మినప్పుడు లాభాన్ని గడిచిన ఏళ్లకు పంచి, గరిష్ఠ రేటున పన్ను, దాని మీద వడ్డీ వేస్తారు. ఏడు ఫండ్లున్న ఒకాయన ఆ ఫారాల కట్ట నా టేబుల్ మీద పెట్టి, "వీటిని నింపించిన ఫీజు ఒక ఫండు లాభాన్ని మింగేసింది సార్" అన్నారు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ఇక్కడే అమ్మితే మీ 24 లక్షల లాభంలో 1.25 లక్షలు మినహాయించి, మిగతా దానిపై 12.5 శాతం. సెస్‌తో కలిపి దాదాపు 2 లక్షల 96 వేలు. బాధగానే ఉంటుంది, కానీ అంతటితో తెగిపోతుంది. నేరుగా కొన్న కంపెనీల షేర్లకు సాధారణంగా ఈ పీఫిక్ గొడవ లేదు, అవి ఉంచుకోవచ్చు.

ప్రయాణం తేదీ మీ చేతిలో ఉంటే సెప్టెంబరు 28 దాటనివ్వకండి. ఏప్రిల్ 1 నుంచి ఆ రోజుకు 181 రోజులవుతాయి. ఉద్యోగం కోసం వెళ్లేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు ఉండకపోతే నాన్ రెసిడెంట్లే, అక్కడి జీతానికి ఇక్కడ పన్ను పడదు. మళ్లీ మార్చిలోపు సెలవుకు ఇంటికొస్తే ఆ రోజులూ కలుస్తాయి, జాగ్రత్త. అక్టోబరులో బయల్దేరితే మాత్రం ఆ జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగాలి. చేయగలిగిందే, కాకపోతే అనవసరపు టెన్షన్.

ఫండ్ల డబ్బుతో ముందు 28 లక్షల లోను తీర్చేయండి. వడ్డీ లెక్కలు వేసి కొందరు ఇది తెలివితక్కువ పని అంటారు. నేను ఒప్పుకోను. 60 రోజుల గడువులో ఉన్న మనిషి నెత్తిన ఈఎంఐ ఉండకూడదు. మిగిలినదాంట్లో ఆరు నెలల డల్లాస్ ఖర్చు, తిరుగు టికెట్ల డబ్బు విడిగా పెట్టండి. ఫ్లాటు అద్దెకిస్తే, ఎన్నారై ఓనరుకు ఇచ్చే అద్దెలో కిరాయిదారు 31.2 శాతం టీడీఎస్ కోయాలని ముందే చెప్పండి. అద్దె ఎన్‌ఆర్‌వో ఖాతాలో, అంటే ఎన్నారైలు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే బ్యాంకు ఖాతాలో పడాలి. మీ మామూలు సేవింగ్స్ ఖాతాను కూడా ఎన్‌ఆర్‌వోగా మార్పించుకోవాలి.

జీతం మాట్లాడుకునేటప్పుడు ఇంకో మాట. హెచ్-1బీకి ఉన్నట్టు ఎల్-1కి కనీస జీతం నిబంధన లేదు, కాబట్టి బేరం మీరే చేసుకోవాలి. పే స్లిప్పులో సోషల్ సెక్యూరిటీ పేరుతో 6.2 శాతం కోత ఉంటుంది. లక్షా 50 వేల డాలర్ల జీతమైతే ఏడాదికి 9,300 డాలర్లు. పింఛను రావాలంటే దాదాపు పదేళ్లు కట్టాలి, మీ వీసా ఏడేళ్లే. భారత్, అమెరికా మధ్య దీనికి ఒప్పందం లేదు, వెనక్కి వచ్చేస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. చేతికొచ్చే జీతం ఎంతో ఈ కోత తీసేశాకే లెక్కేసుకుని, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టండి.