టెక్సాస్‌లో కయోటీ వేట మొదలుపెట్టాలంటే: రైఫిల్ కొనేముందు చూసుకోవాల్సినవి

మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు, హెచ్-1బీ మీద ఉన్నారు, ఆఫీసులో తోటివాళ్లు కయోటీ (నక్కలాంటి అడవి జంతువు) వేటకు వెళ్తుంటే మీకూ ఆసక్తి పుట్టింది. ఏ రైఫిల్ కొనాలి, ఎక్కడికి వెళ్లాలి, ఎలా నేర్చుకోవాలి అని అడిగారు. నేను ఉత్తర టెక్సాస్‌లోనే ఉంటాను, కొన్నేళ్లుగా ప్రతి చలికాలం వెళ్తున్నాను. రైఫిల్ సంగతి చివర్లో చెప్తాను. మీ విషయంలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది వీసా.

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. కొనడం దాకా వెళ్లక్కర్లేదు. షూటింగ్ రేంజిలో స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకుని నాలుగు రౌండ్లు కాల్చినా దాని కిందికే వస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంటుంది, ఆ కేసు మీద దేశం నుంచి పంపేయనూ వచ్చు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం. కాబట్టి వరస తప్పకూడదు. ముందు లైసెన్సు, ఆ తర్వాతే రేంజి, ఆ తర్వాతే దుకాణం. దుకాణంలో నింపే 4473 ఫారంలో ఈ మినహాయింపు గురించి సూటిగానే అడుగుతారు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) నంబరు కూడా రాయాలి.

ఇక్కడే చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. టెక్సాస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. కొత్తవి ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి. సెప్టెంబరు 1న మీ ఇంట్లో రైఫిల్ ఉండి, కొత్త లైసెన్సు లేకపోతే ఆ రోజు నుంచి మీకు మినహాయింపు లేనట్టే. గ్రీన్ కార్డు వచ్చేదాకా నేనూ ఈ మినహాయింపు మీదే ఉన్నాను, ఆగస్టులో కొత్తది కొనడం ఇంటి అద్దె కట్టినంత ఖచ్చితంగా పెట్టుకున్నాను. మీ స్టేటస్‌లో ఏదైనా మెలిక ఉంటే, అంటే ఉద్యోగం మారుతున్నా, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నా, మీ ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక్కమాట అడగండి.

లైసెన్సుతో పాటు వేటకు కావాల్సింది హంటర్ ఎడ్యుకేషన్, అంటే వేటలో భద్రత నేర్పే కోర్సు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతి ఒక్కరూ అది పూర్తి చేయాలి. 17 దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లో కానిచ్చేయొచ్చు. అయినా వీలైతే తరగతికి వెళ్లమనే నేను చెప్తాను. చిన్నప్పటి నుంచి తుపాకీల మధ్య పెరిగిన టెక్సాస్ పిల్లాడికీ మనకూ తేడా ఉంది. కంచె దాటేటప్పుడు రైఫిల్ ఖాళీ చేసి, కంచె కింద నుంచి అవతలికి నేల మీద పెట్టి, గొట్టం మనవైపు లేకుండా చూసుకుని, పక్కకు జరిగి దాటాలి. ఇలాంటివి ఎవరో ఒకరు చేయించి చూపిస్తేనే ఒంటబడతాయి. టెక్సాస్‌లో ఆరు నెలలు దాటి ఉంటున్నవాళ్లకు మామూలు రెసిడెంట్ లైసెన్సు 25 డాలర్లు.

కయోటీని టెక్సాస్ ‘నాన్ గేమ్’ జంతువుగా లెక్కేస్తుంది. అంటే సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. పశువుల మీద పడుతున్న, ఈమధ్యే పడ్డ కయోటీని కొట్టడానికి రాష్ట్రం లైసెన్సు కూడా అడగదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా ‘కయోటీకి లైసెన్సు ఎందుకు’ అంటే ఆ మాట పట్టుకునే అంటారు. వాళ్లకు చెల్లుతుంది, మీకు చెల్లదు. మీ విషయంలో ఆ కాగితం రెండు పనులు చేస్తోంది: రాష్ట్రం దగ్గర వేటకు, ఫెడరల్ చట్టం దగ్గర తుపాకీకి.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. టెక్సాస్ నేలలో దాదాపు 95 శాతం ప్రైవేటు భూమి. డెకేటర్ దగ్గరి ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌లాండ్స్ లాంటి పబ్లిక్ భూములు ఉన్నాయి గానీ, ఏ తుపాకీ వాడొచ్చు, ఏ వేళల్లో, ఆరెంజ్ జాకెట్ ఎప్పుడు వేసుకోవాలి అన్నవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. వెళ్లే ముందు ఆ చోటి నిబంధనలు చదవాల్సిందే. నా దృష్టిలో కొత్తవాళ్లకు మేలైన దారి ఒక రైతుతో పరిచయం. మనవాళ్లు పండక్కీ పబ్బానికీ మేకపోతు కోసం వెళ్లే ఫారాలున్నాయే, అక్కడే మొదలుపెట్టండి. మేకలు ఈనే కాలంలో కయోటీల బెడద ఏ మేకల రైతుకైనా తెలిసిందే. నేను పోతులు కొనే ఆసామిని ఓ శనివారం మధ్యాహ్నం, తుపాకీ గురించి ఎత్తకుండా, ‘మేకపిల్లలు ఏమైనా పోతున్నాయా’ అని అడిగాను. ఆయన నన్ను ట్రక్కులో ఎక్కించుకుని పొలమంతా తిప్పి, కంచె కింద కయోటీలు దూరే కంతలన్నీ చూపించారు. ఆ రోజు నేర్చుకున్నది ఏ వీడియోలోనూ దొరకలేదు.

ఆయన చూపించినవాటిలో ఒకటి మీకు తప్పకుండా పనికొస్తుంది. చచ్చిన మేకపిల్లను చూస్తే ఏది చంపిందో చాలావరకు తెలుస్తుంది. కయోటీ గొంతు పట్టుకుంటుంది, గొంతు మీద పంటి గాట్లు చర్మం కింద నెత్తురు గడ్డకట్టి కనిపిస్తాయి. ఊరకుక్కలైతే వెనక కాళ్లు, తొడలు, చెవులు ఎక్కడపడితే అక్కడ పీకేస్తాయి. కయోటీ మీద పడే నిందల్లో కొన్ని కుక్కలవే. అది తేల్చుకోకుండా కయోటీ కోసం కాపు కాసి కూర్చోవడం అనవసరం.

అనుమతి నోటిమాటగా ఇచ్చినా టెక్స్ట్ మెసేజ్‌లో ఒకసారి రాయించుకోండి. ఏ గేటు, ఏ కంచె దాకా, ఏ తేదీలు. వెళ్లే ముందు రాత్రి ఆసామికి ఒక మెసేజ్, తిరిగి వచ్చాక ఇంకొకటి. పక్క పొలం గుంజల మీద, చెట్ల మీద ఊదా రంగు గీతలు కనిపిస్తే అది టెక్సాస్‌లో ‘లోపలికి రావద్దు’ బోర్డుతో సమానం. దెబ్బ తిన్న కయోటీ అటు వెళ్లినా మీరు వెళ్లకూడదు, ఫోన్ చేసి అడగాలి. ఫ్రిస్కో, ప్లేనో లాంటి డాలస్ శివారు ఊళ్లలో పెరటి వెనక తిరిగే కయోటీ వేట కిందికి రాదు. ఇళ్ల మధ్య కాల్చే ప్రసక్తే లేదు, సిటీ యానిమల్ సర్వీసెస్‌కు చెప్పండి.

ఇప్పుడు అసలు విద్య. కయోటీ నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. ఇక్కడివి 20 నుంచి 35 పౌండ్ల మధ్య తూగుతాయి. దాన్ని వెతుక్కుంటూ నడిస్తే కనిపించదు. మనం కదలకుండా కూర్చుని, దెబ్బతిన్న కుందేలు అరిచే అరుపు వినిపించి, దాన్నే రప్పించాలి. వచ్చేటప్పుడు అది నేరుగా రాదు. చివరి 100, 150 గజాల్లో చుట్టు తిరిగి, గాలి మన మీదుగా ఎటు పోతోందో అటువైపు చేరి, వాసన చూసి నిర్ధారించుకుంటుంది. కయోటీ వేటంతా ఆ మలుపులోనే ఉంది. మన వాసన అందిందంటే మళ్లీ కనపడదు, ఆ పొలంలో ఆ అరుపుకు ఇంకోసారి రాదు కూడా.

అందుకని కూర్చునే చోటును గాలిని బట్టి ఎంచుకోవాలి. నేను చిన్న డబ్బాలో టాల్కం పౌడర్ పెట్టుకుని ట్రక్కు దిగగానే ఒకసారి, కూర్చోబోయే ముందు ఇంకోసారి చిమ్మి చూస్తాను. గాలి ఎదురుగా వస్తే చాలని కొత్తవాళ్లు అనుకుంటారు. అలా కూర్చుంటే కయోటీ తిరిగి వచ్చేది మీ వీపు వెనక్కి, మీరు చూడలేని వైపుకు. గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయేలా కూర్చోండి. వాసన పోయే పక్కన 100 గజాల మేర తెరిపి ఉండాలి: కోసిన జొన్న చేనో, గోధుమ పచ్చికో, చదునైన గడ్డో. అది చుట్టు తిరగాలంటే ఆ తెరిపిలోకి అడుగు పెట్టక తప్పదు.

వీపు వెనక ఒక పొద ఉండాలి, ముందు కాదు. ఇక్కడ మెస్కీట్ చెట్లు ఎక్కడ చూసినా ఉంటాయి, మన సర్కారు తుమ్మకు దగ్గరి దాయాదే, ముళ్లతో సహా. దాని నీడలో ఆనుకుని కూర్చుంటే మనిషి ఆకారం విరిగిపోతుంది. ఖరీదైన కామఫ్లాజ్ దుస్తులకంటే నీడ, కదలకుండా ఉండడం ఎక్కువ పనిచేస్తాయి. ముఖం, చేతులు కప్పుకోండి. ట్రక్కును గట్టు అవతల ఆపి, తలుపు దబ్బున వేయకుండా నొక్కి మూసి, కాసేపు నడిచి వెళ్లండి. గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడొద్దు.

అరుపుకు నోటితో ఊదే ‘కాల్’ అనే ఈల పది, ఇరవై డాలర్లకు దొరుకుతుంది. మొదటి చలికాలమంతా అదే వాడండి. రిమోట్‌తో నడిచే, అరుపులు వినిపించే ఎలక్ట్రానిక్ కాలర్లు టెక్సాస్‌లో కయోటీకి వాడొచ్చు, వాటిని మన దగ్గర నుంచి 40, 50 గజాల దూరంలో పెడితే కయోటీ చూపు అటు పోతుంది, అదే వాటి లాభం. ఏది వాడినా మొదట చిన్నగా మొదలుపెట్టండి. దగ్గరి పొదలోనే ఒకటి పడుకుని ఉంటే గట్టి అరుపుకు బెదిరిపోతుంది. అర నిమిషం ఊది, రెండు మూడు నిమిషాలు ఆగాలి. కొత్తవాళ్లు ఆగలేరు, ఊదుతూనే ఉంటారు. ఆ నిశ్శబ్దంలోనే అది బయలుదేరుతుంది. ఒక్కోచోట 20 నిమిషాలు కూర్చోండి, లేవబోయే ముందు చుట్టూ నెమ్మదిగా ఇంకోసారి చూడండి. రాకపోతే అర మైలో, మైలో జరిగి మళ్లీ కూర్చోవాలి. వచ్చింది పరుగులో ఉంటే నోటితో ‘వఫ్’ అని ఒక్క కుక్క మొరుగు మొరిగితే ఒక క్షణం నిలబడి మీ వైపు చూస్తుంది. కాల్చాల్సింది ఆ క్షణంలో, కాల్చాలో వద్దో మాత్రం దానికి ముందే తేల్చుకుని ఉండాలి.

ఎందుకంటే మేకల ఫారాల్లో కాపలా కుక్కలుంటాయి. గ్రేట్ పిరినీస్ తెల్లగా ఉంటుంది, తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. ఆనటోలియన్ జాతిది మాత్రం గోధుమ రంగు, తెల్లవారుజాము వెలుగులో గడ్డి మధ్య తల, వీపు మాత్రమే కనిపిస్తే కయోటీ అనుకోవడానికి ఆస్కారముంది. అది రైతుకు ఎన్నో ఏళ్ల తోడు. కాబట్టి ఆయన దగ్గర ఎన్ని కుక్కలున్నాయి, ఏ రంగువి, ఆ పొద్దున ఎక్కడుంటాయి అని ముందే అడగండి. కయోటీ తోక కిందికి వేలాడుతూ ఉంటుంది, పరుగులో కూడా పైకి లేపదు. చెవులు తలతో పోలిస్తే పెద్దవి, మూతి సన్నం. ఈ మూడూ బైనాక్యులర్‌లో కనిపించాకే రైఫిల్ ఎత్తాలి. మనిషినో జంతువునో గుర్తించడానికి రైఫిల్ మీది స్కోప్ (గురి చూసే దుర్భిణి) వాడకూడదు, అలా చూస్తున్నామంటే అప్పటికే గురి పెట్టేశామన్నమాట. దాని వెనక ఏముందో కూడా చూడాలి. గట్టు మీద నిలబడ్డ కయోటీ వెనక ఆకాశం తప్ప ఏమీ లేకపోతే ఆ తూటా ఎక్కడ పడుతుందో మీకు తెలియదు. వదిలేయండి.

రైఫిల్ సంగతి క్లుప్తంగా. .223 రెమింగ్టన్ తూటా వాడే బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగే) రైఫిల్, 3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే) స్కోప్, కూర్చుని ఆనించుకోవడానికి షూటింగ్ స్టిక్స్. చప్పుడు, భుజానికి తగిలే దెబ్బ తక్కువ, తూటాలు చవక, అందుకని ఎక్కువ సాధన చేయొచ్చు. గాలి ఎక్కువుండే పశ్చిమ టెక్సాస్‌లో .22-250, .243 తూటాల రైఫిళ్లు ఇష్టపడతారు, మీకు ఇప్పుడు అక్కర్లేదు. దట్టమైన పొదల్లో, 40 గజాల లోపు అయితే 12 గేజ్ షాట్‌గన్ (ఒకేసారి చిన్న గుండ్లు ఎన్నో చిమ్మే తుపాకీ) మేలు. 100 గజాల దూరం నుంచి, కూర్చుని కాల్చి, అరచేతిలో సగం అంత చోటులో వరసగా తగలనంత వరకూ పొలానికి వెళ్లొద్దు. గాయపడి పారిపోయే జంతువు నరకం పడుతుంది. చెవులకు రక్షణ తప్పనిసరి.

టెక్సాస్‌లో ప్రైవేటు భూమి మీద రాత్రి వేట కూడా చట్టబద్ధమే, లైట్లు, ఒంటి వేడిని చూపే థర్మల్ స్కోప్‌లతో వెళ్తారు. మొదటి ఏడాది వద్దు. వెళ్లిన రోజు మాత్రం ఆ కౌంటీ గేమ్ వార్డెన్‌కు (వేట నిబంధనలు చూసే అధికారికి) ముందుగా ఫోన్ చేసి చెప్పండి, చీకట్లో లైట్లు చూసి ఎవరో ఫిర్యాదు చేస్తే గొడవ ఉండదు.

కాలం విషయానికొస్తే, జనవరి, ఫిబ్రవరి నెలలు నాకిష్టం. జతకట్టే కాలం, ఆకలి ఎక్కువ, చలిగాలి వచ్చిపోయిన మర్నాటి పొద్దున ఇంకా మంచిది. మేకలు ఈనడానికి ముందు వారాల్లో ఆ మంద చుట్టూ తిరిగేవాటిని తగ్గిస్తే రైతుకు నిజంగా సాయం. అంతకుమించి, మనం కొట్టడం వల్ల కౌంటీలో కయోటీలు తగ్గిపోతాయని అనుకోను, ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఏప్రిల్ నుంచి బొరియల్లో పిల్లలుంటాయి. చట్టం ఆపదు గానీ నేను వెళ్లను. తల్లి చస్తే లోపల పిల్లలు ఆకలితో చస్తాయి, అది నా మనసు ఒప్పదు.

కొట్టినదాన్ని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. గజ్జి, గోమార్లు, బద్దెపురుగులు సామాన్యం, రేబిస్ భయం ఎప్పుడూ ఉంటుంది. 1990లలో దక్షిణ టెక్సాస్ కయోటీల్లో రేబిస్ ప్రబలితే 1995 నుంచి విమానాల్లోంచి టీకా మందు కలిపిన ఎర చల్లి అదుపు చేశారు. చేతి తొడుగులు వేసుకోండి, కళేబరం ఎక్కడ వేయాలో ఆసామినే అడగండి, రోడ్డు పక్కన పారేయొద్దు.

ఇంకొక్కటి, ఇది మనవాళ్లకే. వేటకు వాడే బ్యాగు, జాకెట్ వేరుగా పెట్టుకోండి, వాటిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడొద్దు. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా హైదరాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, తిరుగు ప్రయాణం ఆగిపోతుంది. థర్మల్ స్కోప్ కూడా అంతే, ఎగుమతి ఆంక్షలున్న వస్తువు, సూట్‌కేసులో పెట్టుకుని దేశం దాటించకూడదు.