సోరియాసిస్‌కి బయోలాజిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టి ఆరు వారాలైంది, మోచేతుల మీద ఇంకా పొలుసులున్నాయి. దాంతోపాటు మందుల షాపు క్రీములు పూసుకోవచ్చా?

పూసుకోవచ్చు. అడాలిముమాబ్, సెకుకినుమాబ్, రిసాంకిజుమాబ్ లాంటి బయోలాజిక్‌లు లోపల్నుంచి పనిచేసే యాంటీబాడీలు, అంటే రోగనిరోధక వ్యవస్థలో ఒక్కో సంకేతాన్ని అడ్డుకునే ప్రోటీన్లు. పైన రాసే మాయిశ్చరైజర్‌తో వాటికి పేచీ లేదు. మీరు మొదలుపెట్టి ఆరు వారాలే అంటున్నారు, మోచేతుల మీద ఇంకా పొలుసులుండటం వింతేం కాదు. మందు పనిచేసిందో లేదో తేల్చడానికి డాక్టర్లు మామూలుగా 12 నుంచి 16 వారాలు చూస్తారు. పేచీ వచ్చేదల్లా ఒక క్రీముకీ ఇంకో క్రీముకీ మధ్య, లేదంటే క్రీము అసలు సంగతిని కప్పేసినప్పుడు.

మాయిశ్చరైజర్ సువాసన లేనిది, పెట్రోలియం జెల్లీలా జిడ్డుగా ఉండేది అయితే మేలు. స్నానమయ్యాక టవల్‌తో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే రాయండి. గట్టిగా రుద్దితే ఆ రాపిడికే కొత్త మచ్చలు లేవొచ్చు. ఎక్కువమంది తప్పు చేసేది పరిమాణంలో: ఒళ్లంతా రాసుకునే పెద్దవాళ్లకి వారానికి 250 నుంచి 500 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబ్ నెలరోజులు వచ్చిందంటే అది రాసినట్టు కాదు. డబ్బా అయితే వేలు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోండి. అన్నట్టు, ఈ జిడ్డు పీల్చుకున్న బట్టలకు నిప్పు తొందరగా అంటుకుంటుంది, ఉతికినా పూర్తిగా పోదు.

మోచేతుల మీద మందంగా పేరుకున్న పొలుసుకి 2–3 శాతం సాలిసిలిక్ యాసిడ్ బాగా పనికొస్తుంది. పగుళ్ల మీద వద్దు, ఒళ్లంతా అసలే వద్దు, రక్తంలోకి దిగుతుంది. డాక్టర్ కాల్సిపోట్రియోల్ (విటమిన్ డి రకం పూత మందు) రాసి ఉంటే రెండూ కలిపి పూయకండి, యాసిడ్ దాన్ని పనికిరాకుండా చేస్తుంది. లైట్ థెరపీ ఉంటే దానికి ముందూ రాయకూడదు, కాంతిని అడ్డుకుంటుంది. కోల్ తార్ దురద తగ్గిస్తుంది కానీ దుప్పట్లకు మరకలు, పైగా రాసినచోట ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది.

1 శాతం హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ క్రీము మందపాటి మచ్చల్ని పెద్దగా కదిలించదు. పల్చటి చర్మానికైతే కొద్ది రోజులు చాలు. వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే వచ్చే అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబుల జోలికి మాత్రం వెళ్లకండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మడతల్లో. సెకుకినుమాబ్, ఇక్సెకిజుమాబ్ అనే బయోలాజిక్‌లు ఐఎల్-17 అనే రోగనిరోధక సంకేతాన్ని అడ్డుకుంటాయి. కాండిడా అనే ఫంగస్‌ని అదుపులో పెట్టేది కూడా అదే. అందుకే ఈ మందుల మీద ఉన్నవాళ్లకి మడతల్లో ఎర్రగా, చెమ్మగా, చుట్టూ చిన్న చిన్న పొక్కులతో కొత్త దద్దు వస్తే అది సోరియాసిస్ కాకపోవచ్చు. దానిమీద హైడ్రోకార్టిసోన్ పూస్తే రెండ్రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ పాకిపోతుంది. పూయకముందే చూపించండి, ఈలోగా మడతలు పొడిగా ఉంచండి.

ఇంజెక్షన్ రోజు సూది వేసే చోట ఏ క్రీమూ వద్దు. మచ్చ, కమిలిన చర్మం లేని చోటే చూసుకోండి. చెకప్‌కి వెళ్లేటప్పుడు ఏ క్రీము, ఎంత శాతం, రోజుకి ఎన్నిసార్లు అన్నది రాసుకెళ్లండి. లేదంటే క్రీము వల్ల తగ్గింది ఇంజెక్షన్ ఖాతాలో పడుతుంది. ఏదైనా మచ్చ వేడిగా, నొప్పిగా మారి చీము పట్టినా, జ్వరం వచ్చినా, తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి.