పాత ఇల్లు కొనే ముందు వైరింగ్ చూడమ్మా

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. మీరిద్దరూ చూసిన ఇల్లు నచ్చిందనీ, కట్టి నలభై ఏళ్లు దాటిందనీ రాశావు. గోడలు, కప్పు, కాగితాలు అన్నీ చూసుకున్నారు, మంచిదే. వైరింగ్ సంగతి మాత్రం "స్విచ్చులన్నీ కొత్తవే బాబాయ్" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు దిగులు పుట్టించింది ఆ ముక్కే. స్విచ్చు బోర్డులు ఒక్కపూటలో మార్చేయొచ్చు. గోడలో ఉన్న వైరు మార్చాలంటే చాలాచోట్ల గోడ చెక్కాల్సిందే. ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్లు చాలామంది మొదటిది చేయించి ఊరుకుంటారు.

మెయిన్ బోర్డు దగ్గర మొదలుపెట్టు. పింగాణీ ఫ్యూజులే ఉంటే లోపలి వైరింగ్ కూడా ఆనాటిదేనని అనుకో. ఫ్యూజు ఉండటం తప్పు కాదు. మాటిమాటికీ పోతోందని విసుగెత్తి ఎవరో అందులో లావుపాటి తీగ చుట్టి ఉంటారు, ప్రమాదం అక్కడుంది. అలాంటి ఫ్యూజు తాను కాలదు, గోడలోని వైరును కాలనిస్తుంది. ఎం.సి.బి.లు, అంటే కరెంటు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు, ఉన్నా ఇదే చూడాలి. లైట్లకు వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు అది మోయలేనంత పెద్దదైన 32 ఆంపియర్ల ఎం.సి.బి. తగిలించి ఉంటే ఆ పని చేసినవాడి మిగతా పనిని కూడా నమ్మకు.

వైరు ఎలాంటిదో తెలియాలంటే ఒకటి రెండు బోర్డులు విప్పించాలి. మెయిన్ ఆపి, ఇంటివాళ్ల అనుమతితో, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే విప్పించు, నువ్వు చెయ్యి పెట్టకు. నూలు అల్లిక, దాని కింద రబ్బరు తొడుగు కనిపిస్తే అది బాగా పాత వైరు. ఆ రబ్బరు ఏళ్ల తరబడి వేడికి ఎండి, కాస్త వంచగానే పొడిపొడిగా రాలుతుంది. కదపనంతకాలం పనిచేస్తుంది, కొత్త ఫ్యాను బిగించిన రోజున తంటా. లోపలి తీగ తెల్లగా కనిపిస్తే అల్యూమినియం అని వెంటనే తేల్చేయకండి. పాత రబ్బరు వైర్లలో రాగికి తగరం పూత వేసేవారు. కత్తితో గీకితే ఎర్రగా కనిపించేది రాగి. నిజంగా అల్యూమినియమే అయితే జాయింట్లన్నీ చూడాలి. అది మెత్తటి లోహం, స్క్రూ కింద నలిగి వదులవుతుంది, పైన పేరుకునే పొర కరెంటుకు అడ్డం పడుతుంది, జాయింటు వేడెక్కుతుంది. నల్లబడిన టెర్మినల్ (వైరు బిగించే చోటు), మాడు వాసన ఉన్నాయేమో చూడమను.

ఇక ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు. నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేది దీనికే. మూడు రంధ్రాల ప్లగ్గు కనబడగానే ఎర్త్ ఉందనుకోకు. పై రంధ్రం వెనక వైరే లేని ఇళ్లు బోలెడు. అంతకంటే ఘోరం, ప్లగ్గులోనే న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగను, ఎర్త్‌కు ముడేయడం. టెస్టింగ్ మీటరు పెడితే అంతా సవ్యంగానే చూపిస్తుంది. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. అందుకే ప్లగ్గులు కొన్ని విప్పి కళ్లతో చూడాలి, పైగా ఎర్త్ దారి సరిగ్గా ఉందో కొలిచే ఎర్త్ లూప్ టెస్టు చేయించాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కి చూడండి, దాని మీట పడిపోయి కరెంటు ఆగాలి. పడితే ఆ పరికరం బాగున్నట్టే. ఎర్త్ బాగుందని మాత్రం దానివల్ల తేలదు, ఆ బటన్‌కు ఎర్త్‌తో పనే లేదు. ఆర్.సి.సి.బి. అసలు లేకపోతే ఇంట్లో అడుగుపెట్టక ముందే పెట్టించు. ఎం.సి.బి. కాపాడేది వైరును, మనిషిని కాపాడేది ఇది.

స్విచ్చు ఆపినా బల్బు హోల్డరులో ఫేజ్, అంటే కరెంటు, ఉంటోందేమో కూడా ఓసారి టెస్టరు పెట్టించు. ఉంటే స్విచ్చు న్యూట్రల్ మీద వేశారన్నమాట.

గోడలో కంటికి కనబడని వైరు సంగతి మెగ్గర్ అనే టెస్టింగ్ మీటరు చెబుతుంది. టీవీ, ఫ్రిజ్ లాంటివన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి, 500 వోల్టులతో ఇన్సులేషన్, అంటే వైరు తొడుగు కరెంటును ఎంత ఆపుతోందో, కొలుస్తారు. 1 మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్‌ను నమ్మడానికి లేదు. వీలైతే వానలు పడ్డాక చేయించు, గోడల్లో తేమ ఉన్నప్పుడు లోపం దాక్కోదు. మీకు ఏసీ, గీజరు కావాలి కదా, వాటికి మెయిన్ నుంచి విడి లైన్లు ఉన్నాయా అని అడుగు. లేకపోతే ఆ ఖర్చు మీదే.

ఇదంతా బయానా ఇచ్చే ముందే జరగాలమ్మా. అమ్మేవాళ్లు పిలిపించే మనిషి వద్దు, మీరే తెచ్చుకోండి. మొత్తం వైరింగ్ మార్చాలని తేలితే ఇల్లు వదులుకోనక్కర్లేదు, ఆ ఖర్చు లెక్కగట్టించి ధరలో తగ్గించమని అడగండి. టెస్టు కాగితంలో ఒక్కో సర్క్యూట్‌కూ అంకె విడిగా రాయించు, ఇల్లంతటికీ కలిపి ఒకే అంకె ఇస్తానంటే ఒప్పుకోకు. ఆ కాగితం, విప్పిన బోర్డుల ఫొటోలు నాకు పంపితే చూసి చెబుతాను.

మీ బాబాయి