డెలావేర్‌కు 85 వేల డాలర్లు కట్టాలా?

ప్రశ్న: ఇద్దరు స్నేహితులం, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. డెలావేర్‌లో కార్పొరేషన్ పెట్టి సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు అమ్ముతున్నాం. కంపెనీకి ఉన్నదల్లా బ్యాంకులోని 30 వేల డాలర్లే. ఇన్నాళ్లూ అకౌంటెంట్ చూసుకున్నారు. ఈసారి మేమే ఫైల్ చేద్దామని చూస్తే ఫ్రాంచైజ్ ట్యాక్స్ (కంపెనీ ఏటా రాష్ట్రానికి కట్టే పన్ను) 85,165 డాలర్లు చూపిస్తోంది. టెన్షన్‌తో నిద్ర లేదు. టెక్సస్‌కు కూడా కట్టాలా?

జవాబు: హాయిగా పడుకోండి, అంత కట్టక్కర్లేదు. మీకు కోటి ఆథరైజ్డ్ షేర్లు (కంపెనీ జారీ చేయడానికి అనుమతి ఉన్న గరిష్ఠ షేర్లు) ఉన్నట్టున్నాయి. డెలావేర్ ముందుగా షేర్ల లెక్కే చూపిస్తుంది: తొలి 10,000 షేర్లకు 250 డాలర్లు, ఆపైన ప్రతి 10,000కు 85. కోటికి లెక్కేస్తే సరిగ్గా మీరు చూసిన అంకే వస్తుంది. కంపెనీలో డబ్బుందా లేదా అన్నది ఈ లెక్కకు పట్టదు.

అదే ఫారంలో అస్యూమ్డ్ పార్ వాల్యూ అనే రెండో పద్ధతి ఉంది. మీ మొత్తం ఆస్తులు, జారీ చేసిన షేర్ల సంఖ్య నింపండి. 80 లక్షల షేర్లు జారీ చేశారనుకుందాం. 30,000ను 80 లక్షలతో భాగిస్తే షేరుకు 0.00375 డాలర్లు. దాన్ని కోటితో హెచ్చవేస్తే 37,500. పది లక్షల లోపు ఎంతొచ్చినా పన్ను 400 డాలర్లే. (షేరు ముఖవిలువ 0.0001 లాంటి చిన్న అంకె అయితేనే ఇలా తేలుతుంది.) వార్షిక రిపోర్టు ఫీజు 50 కలిపి 450. గడువు మార్చి 1. దాటితే 200 జరిమానా, నెలకు 1.5 శాతం వడ్డీ.

ఒక్కటి చూసుకోండి. షేర్లు మీ ఇద్దరి పేర కాగితాల మీద నిజంగా జారీ అయ్యాయా? వెయ్యి షేర్లే జారీ చేసి ఉంటే ఈ పద్ధతిలోనూ పన్ను లక్ష దాటుతుంది.

ఇక టెక్సస్. పని అక్కడే చేస్తున్నారు కాబట్టి బయటి రాష్ట్రపు కంపెనీగా అక్కడ రిజిస్టర్ కావాలి, ఫీజు 750 డాలర్లు. అక్కడా ఫ్రాంచైజ్ ట్యాక్స్ ఉంది కానీ, 2026 రిపోర్టుకు ఆదాయం 26.5 లక్షల డాలర్లు దాటకపోతే కట్టాల్సింది సున్నా. అయినా మే 15లోగా పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ (కంపెనీ డైరెక్టర్లు, అధికారుల వివరాల పత్రం) ఇవ్వాలి. సున్నానే కదా అని వదిలేస్తే వ్యాపారం చేసే హక్కు పోతుంది, కంపెనీ బాకీలు డైరెక్టర్ల మెడకు చుట్టుకుంటాయి. బయటి పెట్టుబడి తీసుకునే ఆలోచన లేనివాళ్లకు ఈ రెండు రాష్ట్రాల తిప్పలు అనవసరమనే నేనంటాను.

నన్నడిగితే మీరు అడగని సేల్స్ ట్యాక్సే అసలు చిక్కు. సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్‌ను టెక్సస్ డేటా ప్రాసెసింగ్ సేవగా చూస్తుంది. బిల్లులో 80 శాతం మీద రాష్ట్ర పన్ను 6.25 శాతం, స్థానిక పన్నులతో కలిపి 8.25 దాకా పడుతుంది. టెక్సస్ కస్టమర్ల దగ్గర ఇప్పటిదాకా వసూలు చేయలేదా? అయితే కంప్ట్రోలర్ ఆఫీసు (టెక్సస్ పన్నుల శాఖ) నుంచి ఉత్తరం రాకముందే వాలంటరీ డిస్‌క్లోజర్‌కు (మీ అంతట మీరే పాత బాకీ పన్ను చెప్పి కట్టడానికి) దరఖాస్తు పెట్టండి. వాళ్లే ముందు మిమ్మల్ని అడిగితే ఆ వెసులుబాటు ఉండదు.