భయం కుక్కదా, నాన్నదా?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. నాలుగు నెలల కిందట ట్యూషన్ నుంచి వస్తుంటే వీధికుక్క వెంటపడింది. కరవలేదు గానీ, వాడు పరిగెత్తబోయి పడ్డాడు, మోకాలు దోక్కుపోయింది. అప్పట్నుంచి సందు చివర కుక్క కనిపిస్తే చాలు, వెనక్కి తిరుగుతాడు. రోజూ ఆ ఏడుపు చూడలేక ట్యూషన్ మాన్పించాం. మా అత్తగారు తాయెత్తు కట్టించారు. రెండు తగిలిస్తే భయం అదే పోతుందంటారు మావారు. డిగ్రీలో సైకాలజీ చదువుతున్న మా అక్క కూతురేమో, "పిన్నీ, ఫ్రాయిడ్ లెక్కన వీడికున్నది కుక్క భయం కాదు, బాబాయ్ భయం" అంటోంది. ఎవరి మాట నమ్మాలి? (నాక్కూడా చిన్నప్పట్నుంచీ కుక్కలంటే జంకే.)
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు నా గుట్టు చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్లు కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. భయం గురించి ఎన్ని క్లాసులు తీసుకున్నానో లెక్కలేదు. ఇప్పటికీ వంటింటి గోడ మీద బల్లి కనిపిస్తే స్టవ్ ఆపేసి బయటికి వచ్చేస్తాను. పాపం, ఏ బల్లీ నన్ను ఏమీ చేయలేదు. కానీ మా అమ్మ మీద బల్లి పడిందంటే పెద్ద కేక, వెంటనే తలస్నానం, ఆ తడి జుట్టుతోనే పంచాంగంలో బల్లిపాటు ఫలితాల కోసం వెతుకులాట. అవి చూస్తూ పెరిగాను. ఈ బల్లి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మీ అక్క కూతురు పాఠం బాగానే చదివింది. గుర్రాలంటే హడలిపోయి వీధిలోకి రాని ఒక ఐదేళ్ల పిల్లాడి గురించి, మనసు లోతుల్లో కారణాలు వెతికే ఫ్రాయిడ్ 1909లో రాశాడు. పుస్తకాల్లో వాడి పేరు లిటిల్ హాన్స్. వియన్నా పిల్లాడు. ఫ్రాయిడ్ వాణ్ణి స్వయంగా చూసింది తక్కువే, కబుర్లన్నీ తండ్రి మోసుకొచ్చినవే. గుర్రం మూతి మీది నలుపు నాన్న మీసమనీ, కళ్లగంతలు నాన్న కళ్లజోడనీ, అసలు భయం నాన్నదేననీ ఫ్రాయిడ్ తేల్చాడు. అదే రాతలో ఇంకో సంగతి కూడా ఉంది. బండి లాగుతున్న గుర్రం కూలబడి కాళ్లు కొట్టుకోవడం ఆ పిల్లాడు కళ్లారా చూశాడు. 1960లో, భయాలకు చికిత్స చేసే వోల్పే, రాక్‌మన్ ఆ కేసును తిరగేసి, భయపడటానికి ఆ ఒక్క దృశ్యం చాలదా, మధ్యలో నాన్న ఎందుకన్నారు. నా ఓటు వాళ్లకే.

ప్రవర్తనావాదులు బయటికి కనిపించే ప్రవర్తననే చూస్తారు, మనసు లోతుల జోలికి పోరు. 1920లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో వాట్సన్, రేనర్ పదకొండు నెలల ఆల్బర్ట్‌కి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనకాల ఇనుప కడ్డీని సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్నిసార్లు అలా చేసేసరికి ఎలుక కనిపిస్తేనే ఏడుపు, తర్వాత కుందేలన్నా ఏడుపే. ఇరవై ఏళ్లకు వీడు బొచ్చుకోటు చూసి భయపడితే, ఫ్రాయిడ్ శిష్యులు కలలు తవ్వి కారణం చెబుతారు కాబోలని ఆ వ్యాసంలోనే వెక్కిరించారు. క్లాసులో ఇది చెబితే పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. ఆ బిడ్డకు పెట్టిన భయాన్ని తీయకుండానే వదిలేశారని చెప్పేసరికి నవ్వు ఆగిపోయేది.

మీవాడి భయం ఆల్బర్ట్ దారిలోనే మొదలైంది. మరి కరవని కుక్క నాలుగు నెలలు ఎలా పట్టుకుంది? ఇక్కడ, బహుమతి దొరికిన పనే మళ్లీ చేస్తామన్న స్కిన్నర్ పనికొస్తాడు. వెనక్కి తిరిగిన ప్రతిసారీ వాడికి ‘హమ్మయ్య’ అనిపిస్తుంది. ఆ హమ్మయ్యే బహుమతి. ట్యూషన్ మాన్పించిన రోజు మీరిచ్చింది బంపర్ బహుమతి.

ఇక మీరు బ్రాకెట్లో దాచిన వాక్యం. నా బల్లి, మీ కుక్క ఒకటే. సైకాలజిస్టు బందూరా చెప్పింది దీని గురించే: పిల్లలు చూసి నేర్చుకుంటారు. 1967లో ఆయన బృందం, కుక్కంటే భయపడే చిన్నపిల్లలకు వాళ్ల ఈడు పిల్లాడొకడు కుక్కతో హాయిగా ఆడుకోవడం చూపిస్తే, ఆ పిల్లల భయం తగ్గింది. ఈసారి కుక్క ఎదురైనప్పుడు మీవాడి చేయి మీరెంత గట్టిగా బిగిస్తున్నారో చూసుకోండి.

ఆలోచన మారితే భయం మారుతుందనే బెక్‌లాంటి వాళ్లు అడిగే ప్రశ్న కూడా అడగండి: "కుక్క దగ్గరికొస్తే ఏమవుతుందనుకుంటున్నావు?" బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అంటాడేమో. అది పాతకాలం మాట, ఇప్పుడు చేతికే వేస్తారని చెప్పండి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. మీవారిని మాత్రం ఆపండి. ఆయన రెండు తగిలించారంటే ఫ్రాయిడ్ గెలిచినట్టే!

చేయాల్సింది మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు 1924లోనే చూపించింది. కుందేలంటే భయపడే పీటర్ అనే మూడేళ్ల పిల్లాడు ఇష్టమైనది తింటుంటే, బోనులోని కుందేలును దూరంగా పెట్టి, మెల్లమెల్లగా దగ్గరికి జరిపింది. భయంలేని పిల్లల్ని కూడా పక్కన ఉంచింది. మీరు టీకాలు వేయించిన, గొలుసుతో కట్టేసిన పెంపుడు కుక్క ఉన్న ఇల్లు చూసుకోండి. వాడికి ఇబ్బంది లేనంత దూరంలో కూర్చోబెట్టి పునుగులు పెట్టండి. ఆ ఇంటి పిల్లాడు కుక్కతో ఆడుకుంటూ ఉంటే మరీ మంచిది. రేపు ఒక అడుగు ముందుకు, అదీ వాడు సరేనంటేనే. వీధికుక్కలతో ఈ ప్రయోగం వద్దు. అవి ఎదురైతే పరిగెత్తకూడదనీ, కరిస్తే దాచకుండా చెప్పాలనీ నేర్పండి. కరిస్తే వెంటనే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మధ్యలో ఏ కుక్కో మొరిగి అంతా మొదటికి రావచ్చు. పీటర్‌కి కూడా అదే జరిగింది. జ్వరంతో ఆస్పత్రిలో చేరి, తిరిగొచ్చేటప్పుడు గుమ్మం దగ్గరే పెద్ద కుక్క మీదికి దూకింది, పక్కనున్న నర్సు కూడా బెదిరిపోయింది. జోన్స్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మీరూ అంతే. రెండు మూడు నెలలు చేసినా వాడు గడప దాటకపోతే క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. ట్యూషన్ మాత్రం ఈ సోమవారం నుంచే పంపండి. మొదటి వారం మీరూ వెంట నడవండి, చేయి వదులుగా పట్టుకుని.