పాడుబడ్డ పిచ్చాసుపత్రులంటే జనానికి ఎందుకంత ఆసక్తి? మన సీమలో అలాంటిది ఏదైనా ఉందా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. కర్నూలు, కడప, అనంతపురం వైపు అలాంటిది నేను చూడలేదు, పెద్దవాళ్ళు చెప్పగా వినలేదు కూడా. పాడుబడాలంటే ముందు ఎవరో ఒకరు కట్టి ఉండాలి కదా. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో పెద్ద మానసిక ఆసుపత్రి మద్రాసు కీల్పాక్‌లో ఉండేది. 1871లో మొదలైన ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. విశాఖ చినవాల్తేరుదీ నడుస్తోంది, మనం జోకులేసుకునే ఎర్రగడ్డదీ నడుస్తోంది. మా అనంతపురం వాళ్ళకి మాత్రం పిచ్చాసుపత్రి అంటే బెంగళూరు నిమ్హాన్సే.

నాకు ఈ ఆసక్తి మొదలైంది కూడా అక్కడే. మా మేనమామకి రివ్యూ ఉన్నప్పుడల్లా తోడు వెళ్ళేది నేనే. ఓపీలో నంబరు పిలిచేదాకా కూర్చోవాలి, చుట్టూ మాటలు వింటే హిందూపురం బస్టాండులో ఉన్నట్టే ఉంటుంది. అలా కూర్చుని ఫోనులో అమెరికా, ఇటలీ పాత ఆసుపత్రుల ఫొటోలు చూడటం అలవాటైంది. మామ ఒకప్పుడు కట్టుబడి మేస్త్రీ. ఓసారి ఫోనులోకి తొంగి చూసి, "కిటికీలు ఎంత పెద్దవి పెట్టినారు రా, జైలుకి ఇంత గాలి ఎందుకు?" అన్నాడు.

ఆయన పట్టుకున్నది అసలు విషయాన్నే. జైలులా ఉండకూడదనే ఆ కిటికీలు. ఫిలడెల్ఫియాలో థామస్ స్టోరీ కిర్క్‌బ్రైడ్ అనే డాక్టరు పిచ్చాసుపత్రులు ఎలా కట్టాలో 1854లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మధ్యలో ఆఫీసు, దానికి రెండు పక్కలా మెట్లు మెట్లుగా వెనక్కి జరుగుతూ పోయే వార్డులు. అలా కడితే ప్రతి వార్డుకీ ఎండా గాలీ తగులుతాయి, కిటికీలోంచి తోట కనిపిస్తుంది. ఒక ఆసుపత్రిలో 250 మందికి మించొద్దన్నాడు. చుట్టూ పొలం, పశువులు, పని. మంచి ఇంటి వాతావరణంలో ఉంటే మనసు కుదుటపడుతుందని నమ్మిన కాలం అది.

తర్వాత ఏమైందో వెస్ట్ వర్జీనియాలోని వెస్టన్ ఆసుపత్రిని చూస్తే తెలుస్తుంది. 250 మంది కోసం కట్టి 1864లో తెరిచారు. 1950ల నాటికి అందులో 2,400 మంది! వరండాల్లో మంచాలు. ముసలివాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివాళ్ళు, అందర్నీ తెచ్చి అక్కడ వదిలేశారు. అమెరికా మొత్తం మీద 1955లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో దాదాపు ఐదున్నర లక్షల మంది ఉన్నారు. అంతకుముందు ఏడాదే మానసిక జబ్బులకి వాడే క్లోర్‌ప్రొమజిన్ మాత్ర అక్కడి మార్కెట్లోకి వచ్చింది. మందులు వచ్చాయి, చట్టాలు మారాయి, ఖర్చు భరించలేమని ప్రభుత్వాలూ చేతులెత్తేశాయి. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. అంత రాతి కట్టడాన్ని వాడుకోవాలన్నా ఖర్చే, కూల్చాలన్నా ఖర్చే. అందుకే అలా నిలబడిపోయాయి. వెస్టన్‌ది 1994లో మూసి 2007లో వేలం వేశారు. ఇప్పుడు టికెట్టు పెట్టి రాత్రిళ్ళు దెయ్యాల టూర్లు నడుపుతున్నారు.

నాకు నచ్చనిది ఈ దెయ్యాల వ్యాపారమే. అక్కడ బతికిన మనిషి గురించి ఒక్క ముక్క తెలియకుండానే బయటికొస్తారు.

నన్ను నిజంగా కట్టిపడేసినవి రెండున్నాయి. ఒకటి, న్యూయార్క్ రాష్ట్రంలో విల్లార్డ్ ఆసుపత్రి. 1995లో మూసేటప్పుడు అటక మీద దాదాపు 400 సూట్‌కేసులు దొరికాయి, రోగులు చేరిన రోజు చేతిలో ఉన్నవి. ఇంకోటి ఇటలీలో, వోల్టెర్రా అనే ఊళ్ళో. ఒరెస్టె నన్నెట్టి అనే రోగి ఆసుపత్రి వాళ్ళిచ్చిన కోటు బకిల్ ముల్లుతో ఆవరణ గోడ మీద ఏళ్ళ తరబడి చెక్కుతూ పోయాడు. అక్షరాలు, రాకెట్లు, తనకి అంతరిక్షం నుంచి అందుతున్న సందేశాలు. గోడ పొడవు దాదాపు 180 మీటర్లు. 1978లో ఇటలీ కొత్త మానసిక ఆసుపత్రులు కట్టకూడదని, ఉన్నవాటిని మెల్లగా మూసేయాలని చట్టం చేసింది. ఆసుపత్రి ఖాళీ అయ్యాక గోడ పెచ్చులూడటం మొదలైంది. కొంత భాగాన్ని ఊడదీసి మ్యూజియంలో పెట్టారు.

మన దగ్గర గోడలూ లేవు, అటకలూ లేవు. మన రోగులు ఇళ్ళలోనే ఉన్నారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పాత కొట్టంలో ఒక రాతి కంబం ఉంది. నడుమెత్తున చుట్టూ వేలు పట్టేంత గాడి. పశువుల పలుపుకి అంత గాడి పడదు, అది గొలుసు గాడి. అమ్మమ్మ మరిదికి మతి చలించినప్పుడు ఆంజనేయస్వామి గుడిలో నిద్ర చేయించారు, దర్గాకి తిప్పారు, తాయెత్తులు కట్టించారు. చివరికి బావిలో పడతాడేమోనన్న భయంతో కంబానికి కట్టేశారు. అమ్మమ్మ మూడు పూటలా అన్నం తీసుకెళ్ళి పెట్టేదట. వాళ్ళు దుర్మార్గులని నేననను. మద్రాసు ఎక్కడ, ఊరెక్కడ, సుగ్గి రోజుల్లో పని వదిలి ఎవరు పోవాలి? తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న మానసిక రోగుల్ని ఉంచిన పాకకి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. అక్కడికి తెచ్చి వదిలింది కూడా ఇంటివాళ్ళే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసుతో కట్టేయడం ఇప్పుడు నిషేధం.

ఇంకోటి చెప్పాలి, ఇది మన పక్క జిల్లా సంగతి. 1980ల్లో నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. రోగిని పెద్దాసుపత్రికి రమ్మనకుండా పీహెచ్‌సీ డాక్టర్లకే శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే అందేలా చూశారు. దాన్నే నమూనాగా తీసుకుని 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అన్నిచోట్లా బాగా నడుస్తోందని చెప్పను, మాత్రలు అయిపోయాయని మమ్మల్ని తిప్పి పంపిన రోజులున్నాయి. కానీ వైద్యం ఈ దారి పట్టింది కాబట్టి, పాడుబడటానికి అంతంత కోటలు మన దగ్గర ఇక రావు.

అయినా మన కుర్రాళ్ళకి దెయ్యాల ఆసుపత్రి కావాల్సిందే. మొన్న మా బావమరిది కొడుకు ఒక రీల్ చూపించాడు: కర్నూలు దగ్గర "మూతపడిన మెంటల్ ఆసుపత్రి", అర్ధరాత్రి టార్చిలైటు, వెనక ఏడుపు మ్యూజిక్. వాళ్ళ నాన్న చూసి నవ్వాపుకోలేకపోయాడు. అది పాత ఇరిగేషన్ క్వార్టర్సట, ఆయన పదో తరగతి దాకా అక్కడే పెరిగాడు.