డైరీలో రోజూ అవే మూడు మాటలు వస్తుంటే

రోజూ రాత్రి మూడు మంచి విషయాలు రాస్తుంటే పది రోజులకే "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని అవే మాటలు వస్తున్నాయనీ, మనసుకేమీ అనిపించడం లేదనీ అన్నారు. లోపం మీలో లేదండీ, రాసే తీరులో ఉంది. 'కుటుంబం' అని రాస్తే కళ్లముందు ఏమీ కనబడదు. "అమ్మ పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలిపి పెట్టింది" అని రాయండి. దాని కిందే, ఎందుకు జరిగిందో ఇంకో వాక్యం: "నేను రెండ్రోజులుగా సరిగా తినట్లేదని గమనించింది." 2005లో అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం పరీక్షించిన పద్ధతిలో ఈ 'ఎందుకు' ముఖ్యమైన భాగం. చాలామంది వదిలేసేదీ అదే. ఆ బృందం రోజూ రాయించింది కూడా ఒక్క వారమే. మీరిక ఆదివారం రాత్రి పది నిమిషాలు రాయండి, చాలు.

మిగతా రోజుల్లో ఫోన్ పక్క గదిలో పెట్టి, ఉదయం కాఫీ మొదటి మూడు గుక్కలు తాగండి. గ్లాసు వేడి, డికాక్షన్ వాసన, నాలుకపై చేదు. ధ్యాస ఆఫీసు మీదికి పోతే తిట్టుకోకండి, తర్వాతి గుక్కకి తిరిగి రండి.

బాగాలేని రోజున బలవంతంగా మంచి వెతకొద్దు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతిని దేనిమీదా ఆసక్తి లేకపోతే మాత్రం డైరీని నమ్ముకోకుండా డాక్టరుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.